రొరైమా పైన జంతువులు కనిపిస్తాయా?

రానూపోనూ ఆరు రోజులు నడిచి వెళ్తే పైన చూడ్డానికి ప్రాణులేమైనా ఉంటాయా, ఉత్త రాయేనా అని అడిగారు. ఉంటాయి. కాకపోతే మోకాళ్ల మీద కూర్చుని వెతకాలి.

వెనిజులా, బ్రెజిల్, గయానా కలిసే చోట ఉన్న కొండ ఇది. ఎత్తు 2,810 మీటర్లు, పైన దాదాపు 31 చదరపు కిలోమీటర్ల చదును, చుట్టూ నిలువు గోడలు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపించే క్వార్ట్‌జైట్ లాంటి పాత రాయే. ఇంచుమించు రోజూ వాన పడుతుంది కాబట్టి మట్టి నిలవదు, సారం కొట్టుకుపోతుంది. అక్కడి మొక్కలు పురుగుల్ని పట్టి తినేది అందుకే.

వాటిలో ఒకటైన హీలియాంఫోరా మొక్కను దగ్గరగా చూడండి. ఆకు గొట్టంలా చుట్టుకుని నీళ్లు పట్టి ఉంటుంది. అంచున చిన్న గరిటె లాంటి మొన, దాని మీద తేనె. పురుగు జారి లోపల పడుతుంది. గొట్టం ముందు వైపు సన్నని చీలిక ఉంటుంది, ఎంత వాన కురిసినా ఎక్కువైన నీళ్లు అందులోంచి పోతాయి. ఎంత చక్కని ఏర్పాటో!

ఇక నల్ల కప్ప, ఓరియోఫ్రినెల్లా. రెండు సెంటీమీటర్లే ఉంటుంది, గెంతదు, మెల్లగా పాకుతుంది. తడిసిన నల్లరాయి మీద రాయిలాగే ఉంటుంది కాబట్టి కదలిక కోసం చూడాలి. వాన వెలిసిన వెంటనే మంచి సమయం. చేత్తో మాత్రం పట్టుకోవద్దు, దాని చర్మం చాలా సున్నితం. పక్కనే ఉన్న కుకెనాన్ కొండ మీద దీని చుట్టం ఉంది. శత్రువు మీదికొస్తే అది కాళ్లు ముడుచుకుని గులకరాయిలా దొర్లిపోతుంది.

డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్లండి. అప్పుడు కూడా పైన వాన పడితే దారిలో దాటాల్సిన టెక్, కుకెనాన్ నదులు గంటల్లో పొంగుతాయి, దాటలేక ఆగిపోవాల్సి వస్తుంది. అందుకే ఒక రోజు అదనంగా పెట్టుకుని, దానికి తగ్గ తిండి మోసుకెళ్లండి. నది దాటేటప్పుడు బూట్లు విప్పినా మేజోళ్లు ఉంచుకోండి, నాచు పట్టిన రాళ్ల మీద ఉత్త కాలు జారుతుంది. నది ఒడ్డు విడిదుల్లో పురిపురి అనే చిన్న ఈగలు కుడతాయి, దురద రోజుల తరబడి పోదు. నిండు చేతుల చొక్కా వేసుకోండి. నడక మొదలయ్యే పరైతెపుయ్ ఊరి నుంచి పెమోన్ అనే స్థానిక తెగ గైడ్ తప్పనిసరి.

ఎక్కేముందు బూట్ల అడుగున మట్టి గీకేయండి, కింది కలుపు విత్తనాలు పైకి చేరుతున్నాయి. స్ఫటికాలు ఏరుకోవడం నిషేధం. మలాన్ని సున్నం వేసిన సంచుల్లో కిందికి తేవాలి. పైన దాన్ని కుళ్లబెట్టేంత మట్టి లేదు, అక్కడి రాతి గుంటల్లో నిలిచిన నీళ్లే మీరూ తాగేది.