777 కొట్టే ముందు మావయ్యకి ఒక ఫోన్ చెయ్యి

అమ్మలూ,

నువ్వు రాత్రి చెప్పిందంతా విన్నాను. లైనక్స్ సర్వర్‌లో ఐదుగురు పనిచేసే ఫోల్డర్‌లో ఒకరు పెట్టిన ఫైలును ఇంకొకరు సేవ్ చేయబోతే పర్మిషన్ డినైడ్. విసుగొచ్చి మొత్తానికి 777 ఇచ్చేశావు, అంటే ఓనరుకీ, గ్రూపుకీ, మిగతా అందరికీ చదివే, రాసే, నడిపే హక్కులన్నీ. ముందు అది తీసెయ్యి తల్లీ. ఆ చివరి 7తో సర్వర్‌లో ఉన్న ప్రతి అకౌంటుకీ, వెబ్ సర్వర్ నడిచే అకౌంటుకి కూడా, రాసే హక్కు వచ్చేస్తుంది. పైగా రేపు పుట్టే ఫైళ్లకు అది అంటదు. ఎల్లుండి మళ్లీ ఇదే గొడవ.

లైనక్స్‌లో కొత్త ఫైలు మామూలుగా దాన్ని సృష్టించిన మనిషి ప్రైమరీ గ్రూపు, అంటే ఆ అకౌంటుకి మొదటే ఉన్న గ్రూపు, మీద పుడుతుంది. ఫోల్డర్‌ను టీమ్ గ్రూపుకి మార్చి 2770 ఇవ్వు. 770 అంటే ఓనరుకీ గ్రూపుకీ అన్ని హక్కులూ, బయటివాళ్లకి ఏమీ లేదు. ఆ మొదటి 2 సెట్‌జీఐడీ బిట్ అనే గుర్తు. అది ఉంటే లోపల పుట్టేవన్నీ ఫోల్డర్ గ్రూపే తీసుకుంటాయి, కొత్త సబ్‌ఫోల్డర్లకు ఆ బిట్ కూడా వస్తుంది. మ్యాక్‌లో అడగకుండానే గ్రూపు అలా వస్తుంది, అందుకే నీకు ఇంట్లో ఈ తిప్పలు తెలియలేదు. పాత ఫైళ్లను మాత్రం ఒకసారి చేత్తో సరిచెయ్యాలి. వేరేచోటి నుంచి మూవ్ చేసి తెచ్చినవి కూడా పాత గ్రూపుతోనే దిగుతాయి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గ్రూపు కుదిరింది సరే, గ్రూపుకి రాసే హక్కో? కొత్త ఫైలుకి ఏ హక్కులు ఇవ్వకూడదో చెప్పే సెట్టింగు యూమాస్క్. అది 022 ఉంటే ఫైలు 644తో పుడుతుంది, మిగతావాళ్లు చదువుకోవడమే. 002 అయితే 664, గ్రూపు కూడా రాయగలదు. ఐదుగురి లాగిన్ సెట్టింగుల్లో 002 రాయించి, అది అలాగే ఉంటుందని నమ్మే ఓపిక నాకు లేదు. నేనైతే ఫోల్డర్‌కే డిఫాల్ట్ ఏసీఎల్ పెడతాను, అంటే లోపల పుట్టేవాటికి ఎవరికి ఏ హక్కులు రావాలో చెప్పే జాబితా. అది ఉన్నచోట యూమాస్క్ మాట చెల్లదు.

ఎవరినైనా గ్రూపులో చేర్చేటప్పుడు యూజర్‌మాడ్ కమాండుకి పెద్ద జీ (-G) ఒక్కటే ఇవ్వకు, ముందు చిన్న ఏ ఉండాలి (-aG). అది మర్చిపోతే ఆ మనిషికున్న మిగతా అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. ఒక శుక్రవారం సాయంత్రం నా అకౌంటుకే నేనలా చేసుకున్నాను. మళ్లీ లాగిన్ అయ్యేసరికి సూడో, అంటే అడ్మిన్ పనులు చేసే హక్కు, లేదు. సర్వర్ మొత్తం మీద అధికారం ఉండే రూట్ అకౌంటు పాస్‌వర్డ్ తెలిసిన పెద్దాయన ఇంటికి వానలో బండేసుకుని వెళ్లాను. ఆయన టీ ఇచ్చారు గానీ, నవ్వు ఆపుకోలేదు. చేర్చాక వాళ్లని లాగౌట్ అయి రమ్మను, నడుస్తున్న సెషన్‌కి కొత్త గ్రూపు తెలియదు.

ఒకరి ఫైలు ఒకరు తుడిచేస్తారని భయమైతే స్టిక్కీ బిట్ ఉంది, ఆ మొదటి 2కి ఇంకో 1 కలిపి 3770. మీకు వద్దంటాను. కొన్ని ఎడిటర్లు పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టి సేవ్ చేస్తాయి, దానికి అది అడ్డుపడుతుంది.

అంతా అయ్యాక నీ అకౌంటుతోనో రూట్‌తోనో చూసి సరే అనుకోకు. నువ్వో ఫైలు పెట్టి, పక్క సీటు అబ్బాయిని దిద్దమను. తర్వాత అతను పెట్టింది నువ్వు దిద్దు.

ఆదివారం భోజనానికి వస్తున్నానని మీ అమ్మకి చెప్పు.

మావయ్య