‘నూటికి పది’ అంటే వందలోనా, వంద మీదా?

సందేహం: మట్టిపాత్రలకు వేసే ఐరన్ గ్లేజుల (ఇనుముతో రంగు తేలి, కొలిమిలో కరిగి గాజయ్యే పొరల) పరీక్షకు తెలుగులో సూచనలు రాసిచ్చాం. ‘నూటికి పది పాళ్లు ఐరన్ ఆక్సైడ్’ అన్నచోట ఒకరు 90 గ్రాముల మూలమిశ్రమానికి (రంగు ఇంకా కలపని గ్లేజు పొడికి) 10 గ్రాములు కలిపారు, ఇంకొకరు 100 గ్రాములకు కలిపారు. ఎవరిది ఒప్పు? గ్లేజును ‘పూత’ అంటే సరిపోదా?

సమాధానం: ఇద్దరూ తెలుగు ప్రకారమే నడిచారు. ‘నూటికి ఎనభైమంది పాసయ్యారు’ అంటే ఆ ఎనభైమందీ వందలోని వాళ్లే. ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ అంటే ఆ రెండూ అసలు మీద అదనం. ‘కి’ రెండు అర్థాలకూ ఒదుగుతుంది, చిక్కంతా అక్కడే. గ్లేజు లెక్క వడ్డీ లెక్క లాంటిది: మూలమిశ్రమం 100 అసలు, రంగునిచ్చే ఆక్సైడ్ దానిపైన. కాబట్టి రెండోవారిదే ఈ పనిలో వాడుక. మొదటివారి గిన్నెలో వంద గ్రాముల మూలానికి 11.1 గ్రాముల ఆక్సైడ్ పడింది.

ఆ కాస్త తేడా చిన్నది కాదు. గాలి తక్కువ అందే మంటలో, సుమారు 1280 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వందకు ఒకటి రెండు గ్రాముల ఆక్సైడ్‌కు సెలడాన్ అనే లేతాకుపచ్చ గ్లేజు వస్తుంది. ఎనిమిది, పదికి టెన్మోకు అనే నల్లని గ్లేజు, పూత పలచబడిన అంచుల్లో గోధుమరంగు. పన్నెండు దాటేసరికి గాజు మోయలేని ఇనుము చల్లారేటప్పుడు స్ఫటికాలై పైకి తేలి జేగురు రంగు తెస్తుంది. దీన్నే జపాన్‌లో ‘కాకి’ గ్లేజు అంటారు. మన కాకి నలుపుతో దానికి సంబంధం లేదు, అదొక పండు పేరు. మూలమిశ్రమాన్ని బట్టి ఈ హద్దులు అటూ ఇటూ జరుగుతాయి గనక పది దగ్గర ఒక్క గ్రాము తేడా నలుపును ఎరుపు వైపు తిప్పేయగలదు. పైగా ఆ మంటలో ఇనుము గాజును పలచన చేస్తుంది. పరీక్ష పెంకును (గ్లేజు పూసి కాల్చి చూసే మట్టిముక్కను) నిలువుగా పెట్టి, కింద మట్టి పళ్లెం ఉంచకపోతే కారిన గ్లేజు కొలిమి అరకు అతుక్కుంటుంది.

అందుకే ‘100 గ్రాముల పొడి మిశ్రమానికి అదనంగా 10 గ్రాములు’ అని రాయండి. ‘పొడి’ అన్న మాట వదలొద్దు, నీళ్లు కలిపాక తూస్తే లెక్క చెడుతుంది.

ఇక ‘పూత’ చాలదు. కుండకు పూసే జాజూ పూతే, కానీ అది కరగని మట్టిపొర. గ్లేజు కరిగి గాజవుతుంది. పచ్చిగా ఉన్నంతవరకు పూత అనండి, కాలాక గ్లేజు అనండి. ‘కళాయి’ మాత్రం వద్దు, అది ఇత్తడి గిన్నెలకు పెట్టే తగరం.

పెంకు వెనక గుర్తు ‘100+10’ అని అంకెల్లోనే వేయండి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన నీళ్లతో. పెన్సిలు రాత మంటలో నిలవదు.