1920ల కథుల్హు ఆటకు ఆ కాలపు క్యారెక్టర్ షీట్ ఎలా చేసుకోవాలి?

ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని ఆడే భయానక కథల ఆట కాల్ ఆఫ్ కథుల్హును 1920ల అమెరికా నేపథ్యంలో నడుపుతున్నారు. పాత్ర వివరాలు రాసుకునే షీటు వెనకాల పాత కాగితం బొమ్మ పెట్టి, అక్షరాలన్నీ టైప్‌రైటర్ ఫాంటులో వేశారు. అయినా నిజం కాగితంలా అనిపించడం లేదు, ఏం చేయాలి? ఇదీ మీ ప్రశ్న. నేను ఇదే ఆటకు కీపర్‌గా, అంటే కథ నడిపే వ్యక్తిగా ఉంటూ, మా వాళ్ల షీట్లన్నీ స్వయంగా తయారు చేస్తుంటాను. నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు ఆ మరకల బొమ్మ తీసేయండి. 1925లో మీ పాత్ర చేతికి వచ్చిన ఫారం కొత్తది. పసుపు రంగు, మడతలు, టీ మరకలు అన్నీ వందేళ్ల తర్వాత అటక మీద దొరికిన కాగితానికి ఉంటాయి. పైగా వాటి మీద పెన్సిల్ రాత కనపడదు, జిరాక్స్ షాపులో ప్రింట్ తీస్తే బూడిద మచ్చలుగా వస్తుంది. రంగు కావాలంటే కాగితమే లేత క్రీమ్ రంగుది కొనండి. 100 జీఎస్‌ఎం బాండ్ పేపర్ అయితే రబ్బరుతో చెరిపినా తొందరగా చిరగదు.

ఇక ఫాంట్. ఆ రోజుల్లో ఫారంలోని ప్రశ్నలు అచ్చాఫీసులో అచ్చయ్యేవి. టైప్‌రైటర్‌తో అయినా, పెన్నుతో అయినా నింపేది ఖాళీలనే. మీరు ప్రశ్నలను కూడా టైప్‌రైటర్ ఫాంటులో పెట్టారు, అందుకే తేడా కొడుతోంది. కొరియర్ అయితే అసలే వద్దు, అది 1950ల మధ్యలో ఐబీఎం టైప్‌రైటర్ల కోసం గీసింది. టైమ్స్ న్యూ రోమన్ కూడా 1932లో వచ్చింది. 1920ల నాటికి అమెరికా అచ్చాఫీసుల్లో మామూలైపోయినవి ఫ్రాంక్లిన్ గోథిక్, చెల్టెన్‌హామ్, కాపర్‌ప్లేట్ గోథిక్ లాంటివి. ఉచితంగా దొరికేవాటిలో లిబ్రె ఫ్రాంక్లిన్, ఓల్డ్ స్టాండర్డ్ బాగా నప్పుతాయి. స్పెషల్ ఎలైట్ లాంటి టైప్‌రైటర్ ఫాంటును స్కిల్స్ (పాత్ర నైపుణ్యాలు) పక్కన ముందే ఉండే అంకెలకు మాత్రం వాడండి. అప్పుడు ఎవరో గుమాస్తా కూర్చుని నింపినట్టే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆనాటి అసలు ఫారాన్ని ఒకదాన్ని ఎదురుగా పెట్టుకోవడం. నేను ఎక్కువగా చూసేది 1917 నాటి సైనిక నమోదు కార్డు. మొదటి ప్రపంచ యుద్ధానికి 21 నుంచి 30 ఏళ్ల మగవాళ్ల చేత జూన్ 5న నింపించింది. స్కాన్ చేసిన కార్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పొడవా, మధ్యస్తమా, పొట్టా? సన్నమా, మధ్యస్తమా, లావా? కళ్ల రంగేమిటి? బట్టతల ఉందా? ఇవన్నీ అందులో ఉన్నాయి. పాత్ర ఒడ్డూపొడుగూ చెప్పే సైజ్ అంకె పక్కన వీటిలో మొదటి రెండు ప్రశ్నలు పెట్టి చూడండి, 65 అనే అంకెకు వెంటనే ఒక మనిషి ఆకారం వస్తుంది. నీ మీదే ఆధారపడ్డ తల్లి, తండ్రి, భార్య, పన్నెండేళ్ల లోపు పిల్లలు, తోబుట్టువులు ఉన్నారా అనీ అడిగారు. మా ఆటలో పాత్ర నేపథ్యాన్ని బయటికి లాగింది ఎక్కువగా ఈ ప్రశ్నే. చివర సంతకం గీత కూడా ఉంచండి. పాత్ర పేరుతో సంతకం చేసేటప్పుడు ఆటగాళ్లు నిజంగానే ఒక క్షణం ఆగుతారు.

ఆడ పాత్రలకు ఈ కార్డు పనికిరాదు. ఆ కాలపు పాస్‌పోర్ట్ దరఖాస్తు చూడండి. నుదురు, ముక్కు, నోరు, గడ్డం, ఛాయ ఒక్కొక్కటిగా వర్ణించమని అడుగుతుంది, ఫొటో కూడా ఉంటుంది.

ఒక సంగతి మాత్రం జాగ్రత్త. ఆ 1917 కార్డు మూల మీద, ఆఫ్రికన్ సంతతి వ్యక్తి అయితే ఈ మూల చింపేయండి అని అచ్చేసి ఉంటుంది. అందం కోసం దాన్ని కాపీ కొట్టకండి. ఆనాటి జాతి వివక్షను కథలోకి తేవాలో వద్దో ముందే అందరూ కూర్చుని మాట్లాడుకోండి. అది డిజైన్‌తో తేల్చే విషయం కాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు గడి, జిప్ కోడ్ గడి కూడా పెట్టకండి. మొదటిదాని చట్టం 1935లో, రెండోది 1963లో వచ్చాయి.

నాకు బాగా ఇష్టమైన భాగం శానిటీ, అంటే పాత్ర మానసిక స్థిమితం ఎంత మిగిలిందో చెప్పే అంకె. చిన్న గడిలో రాసి చెరిపే బదులు, దాన్ని లెడ్జర్ పేజీలా గీయండి: తేదీ, ఎందుకు, ఎంత పోయింది, ఎంత మిగిలింది. ఏడో ఎడిషన్ రూల్స్ ప్రకారం ఆటలోని ఒకే రోజులో ఉన్న శానిటీలో ఐదో వంతు పోతే దీర్ఘకాలపు పిచ్చి పడుతుంది. తేదీ వరుస ఉంటే ఆ లెక్క చూపుతోనే తేలిపోతుంది. నాలుగు సెషన్లు అయ్యేసరికి పాత్ర ఎక్కడెక్కడ కుంగిపోతూ వచ్చిందో ఆ పేజీయే చెబుతుంది. పాత్ర ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే హిట్ పాయింట్లకు ఇదంతా అక్కర్లేదు, పెద్ద ఖాళీ గడి చాలు.

స్కిల్స్‌లో ప్రతి అంకెకూ సగం, ఐదో వంతు కూడా రాయాలి కదా. ఆ చిన్న గడులే ఆధునికంగా కనిపించి మొత్తం చెడగొడతాయి. అకౌంటు పుస్తకాల్లో డాలర్లు, సెంట్లకు ఉండే సన్నటి నిలువు గీతల్లా మూడు వరుసలు గీస్తే సరిపోతుంది. సెషన్ చివర పెంచుకోవడానికి టిక్ పెట్టే గడి మాత్రం స్కిల్ పేరుకు ఎడమ పక్కనే ఉండాలి, మర్చిపోకండి.

మీవాళ్లు తెలుగులో రాస్తారా? మావాళ్లు రాస్తారు. ఇంగ్లీషుకు 6 మిల్లీమీటర్ల వరుస సరిపోతుంది కానీ, కింద ఒత్తులు, పైన గుడులు పడాలంటే 8 కావాలి. అందుకే నేపథ్యం రాసే పేజీని వేరే తీసి, గీతలు దూరంగా పెట్టాను.

గీతలు బూడిద రంగులో వద్దు, లేజర్ ప్రింటర్ వాటిని చుక్కలుగా వేస్తుంది. నల్లగా, అర పాయింటు మందంలో గీయండి. అమెరికా లెటర్ సైజు 216 × 279 మిల్లీమీటర్లు, మన ఏ4 అయితే 210 × 297. మొదటి నుంచీ ఏ4లోనే గీయండి. షాపులో 'ఫిట్ టు పేజ్' తీసేసి అసలు సైజులో ప్రింట్ ఇమ్మనండి, లేకపోతే కొలిచి పెట్టుకున్న 8 మిల్లీమీటర్లు తగ్గిపోతాయి.