నత్రజని ఏయే పదార్థాల్లో, ఏయే జీవుల్లో ఉంటుంది?

జీవుల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు: నత్రజని లేని ప్రాణి లేదు. చీమ, ఏనుగు, మర్రిచెట్టు, పెరుగులోని బాక్టీరియా, అన్నిటిలోనూ ప్రొటీన్లు, డీఎన్ఏ ఉంటాయి. నత్రజని లేకుండా అవి తయారు కావు. మన శరీర బరువులో సుమారు 3 శాతం అదే. ఆకుకు పచ్చదనమిచ్చే క్లోరోఫిల్ అణువులో కూడా 4 నత్రజని పరమాణువులుంటాయి. అది చాలకపోతే వరి పైరు పసుపు రంగుకు తిరిగేది అందుకే.

తిండి విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. ప్రొటీన్ బరువులో దాదాపు 16 శాతం నత్రజని. 100 గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ 22 గ్రాములనుకుంటే, నత్రజని మూడున్నర గ్రాములు. గుడ్డు, పాలు, చేపలకూ దాదాపు ఇదే లెక్క. శుద్ధమైన పంచదార, నూనెల్లో మాత్రం ఉండదు.

ఇక యూరియాలో 46 శాతం. అమ్మోనియా, సురేకారం, నైలాన్, కాఫీలోని కెఫీన్‌లోనూ ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గాలిలో, 78 శాతం. కానీ ఆ అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా అతుక్కుని ఉండటం వల్ల మొక్కలు దాన్ని నేరుగా వాడుకోలేవు. నాకు బాగా నచ్చే విషయం ఇక్కడే ఉంది. కంది, పెసర, జనుము వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా ఆ బంధాలను విడగొట్టి మొక్కకు అందిస్తుంది. వరికి ముందు జనుము వేసి పొలంలో కలియదున్నేది దానికోసమే. ఎదుగుతున్న పెసర మొక్కను జాగ్రత్తగా పీకి బుడిపెను గిల్లి చూడండి. లోపల గులాబి రంగు కనిపిస్తే, ఆ పని జరుగుతున్నట్టే.