అడ్వాన్సు ఇచ్చే ముందు

చిరంజీవి అబ్బయ్యకు పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

పొదలకూరు రోడ్డు వైపు ఇల్లు చూశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పార్కు, జిమ్ము, గేటు దగ్గర వాచ్‌మ్యాను, అన్నీ ఉన్నాయంట. చాలా సంతోషం నాయనా. అయితే నువ్వు చూసింది మండుటెండలో. మన నెల్లూరులో ఇంటి సంగతి తెలిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం పట్టినప్పుడు.

2021 నవంబరులో పెన్న పొంగితే పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. నీ ఇల్లు ఏటికి దూరమే, కాదనను. కానీ మన ఊరి చుట్టూ లేఅవుట్లు చానావరకు మొన్నటిదాకా వరి మడులే. మడి ఉందంటే నీళ్లొచ్చే కాలవ, మురుగు పోయే కాలవ ఉండే ఉంటాయి. వాటిని పూడ్చి ప్లాట్లు వేస్తే వాననీళ్లు వీధిలోనే నిలబడతాయి. ఆ కాలవలు ఇప్పుడెట్టా ఉన్నాయో నడిచి చూడు. వానల దాకా ఆగలేనంటావా, పక్కిళ్ల ప్రహరీ గోడల అడుగు చూడు. నీళ్లు నిలిచిన చార సున్నం కొట్టినా మళ్లీ బయటపడుద్ది. ఆ వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే అతన్నో, పాలు పోసే ఆమెనో అడుగు, వానాకాలం ఎంతలోతు నీళ్లలో వస్తారో చెప్తారు. ఇంటి గచ్చు రోడ్డుకన్నా ఎంత ఎత్తుందో కూడా కొలువు. రోడ్డు మీద రోడ్డు వేసేకొద్దీ ఇల్లు పల్లమైపోద్ది.

ఇంకోటి, మీరు ట్రంకు రోడ్డు వైపు రావాలంటే రైలు కట్ట దాటాల్సిందే. పెద్ద వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలవడం నీకు తెలిసిందే. పిల్లకు అర్ధరాత్రి జ్వరమొస్తే ఏ దారిన ఆసుపత్రికి పోతావు? ఆ దారిన ఒకసారి రాత్రిపూట బండి మీద పోయి చూడు. జిమ్ము లేకపోయినా బతకొచ్చు గానీ, నడిచిపోయేంత దూరంలో మందుల షాపు, కూరగాయలు, బస్సో ఆటోనో లేకపోతే మీ అమ్మ ఆ ఇంట్లో ఒంటరిదైపోద్ది. ఆమెకు బండి రాదు గదా.

బోరు నీళ్లు స్టీలు గ్లాసులో పట్టి ఎండలో పెట్టు. నీళ్లు ఇంకిపోయాక అడుగున తెల్లటి పొర దట్టంగా కడితే ఉప్పెక్కువని అర్థం. ఆ నీళ్లతో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, గీజరు తొందరగా పాడవుద్ది. మున్సిపాలిటీ కుళాయి నిజంగా వస్తుందా, పైపు మాత్రమే వేశారా అని పక్కింటివాళ్లనే అడుగు, అమ్మేవాళ్లను కాదు.

కాగితాల సంగతి నీకు తెలుసు. 30 ఏళ్లకు ఈసీ, అదే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం, తీయించు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు, వకీలుకు చూపించు. లేఅవుట్‌కు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నది మాత్రం నువ్వే స్వయంగా చూసుకో. పార్కు అని చూపించిన జాగా ప్లానులో కూడా పార్కేనా చూడు.

ఈ ఆదివారం నేనూ వస్తా. అప్పటిదాకా ఎవరికీ రూపాయి ఇవ్వబాక.

ఇట్లు,
మీ పెద్దమ్మ