మీ కథకు ఊ కొట్టేదెవరు?

హనుమకొండ నుంచి ఒక రచయిత రాసిన ఉత్తరం నాలుగు పేజీలుంది. కుదించి చెబుతాను. ఆయనకు 38 ఏళ్లు, సొంతూరు మెట్‌పల్లి దగ్గర. తల్లి చిన్నప్పుడే పోతే, పదేళ్లు పెద్దదైన అక్క పెంచింది. ఏడో తరగతిలో బడి మానేసి, బీడీలు చుట్టి, తమ్ముణ్ని ఎంఏ తెలుగు దాకా చదివించింది. ఆయన ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ కథలు రాసుకునేవారు. నాలుగేళ్ల కింద ఒక ఆడియో కథల యాప్‌లో సీరియల్ రాసే పని దొరికి కాలేజీ మానేశారు. వారానికి ఐదు ఎపిసోడ్లు. డబ్బు బాగానే వస్తోంది, ఇంటి లోను కట్టుకుంటున్నారు. "కానీ మేడమ్, రాయడానికి కూర్చుంటే కడుపులో రాయి పడ్డట్టు ఉంటుంది. ఒకప్పుడు రాత్రి రెండింటికి లేచి రాసేవాణ్ని. ఇప్పుడు ఎపిసోడ్ పంపేసి ల్యాప్‌టాప్ మూస్తే చాలనిపిస్తుంది. మళ్లీ కాలేజీలో చేరాలా? ఆరు నెలలు రాయడం ఆపాలా? మారుపేరుతో నాకిష్టమైన కథలు విడిగా రాసుకోవాలా?" అని అడిగారు.

తమ్ముడూ, ముందు ఈ మూడింటి సంగతి తేల్చేస్తాను. లోను నెత్తిమీద ఉండగా చేతిలో ఉన్న పని వదలొద్దు. ఆరు నెలలు ఆపితే ఆరు నెలల ఆదాయం పోతుంది, అంతే. మారుపేరు పెట్టుకున్నా రాసే మనిషి మీరే కదా. ఇక వీటిని పక్కన పెట్టండి. ఇవి మీ బాధలోంచి పుట్టిన ప్రశ్నలు కావు.

మీ బాధ మూడో పేజీ అడుగున, మార్జిన్ పక్కన ఇరికించి రాసిన నాలుగు వాక్యాల్లో ఉంది. "మా అక్క ఇప్పుడు నా సీరియల్ వినడం లేదట. ఫోన్ చేస్తే 'పనిల ఉన్న' అని పెట్టేస్తుంది. రెండేళ్లుగా బతుకమ్మకు కూడా రాలేదు. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి." సంబంధం లేదని మీకెవరు చెప్పారు? లేకపోతే అంత చిన్న అక్షరాలతో అక్కడ ఎందుకు రాశారు?

మొదటి పేజీలో మీ చిన్నప్పటి సంగతి రాశారు. దాన్ని నేను మూడుసార్లు చదివాను. అక్క ఒళ్లో చాట. తడి గోనె సంచిలో చుట్టిన తునికాకు. ఆమె ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తుంటే మీరు ఎదురుగా కూర్చుని నోటుబుక్కులోంచి కథ చదివేవారు. ఆమె తల ఎత్తకుండానే ఊ కొట్టేది. వెయ్యి బీడీలు అయితేనే ఆ రోజు కూలి, కాబట్టి చేయి ఆగేది కాదు. "ఎప్పుడైనా అక్క చేయి ఆగిందంటే అక్కడ కథ బాగున్నట్టు" అని రాశారు. ఆ చేయి ఎప్పుడు ఆగుతుందా అని మీరు రాత్రి రెండింటికి లేచేవారు. మీకు రాయడంలో ఉన్న సంతోషం అదే. ఇప్పుడు ఎవరు ఏ నిమిషంలో వినడం ఆపేశారో చూపించే గ్రాఫ్ వస్తోంది మీకు. అందులో మీ అక్క లేదు.

డబ్బు కోసం రాయడం వల్లే సంతోషం పోయిందని మీ అనుమానం. నేను ఒప్పుకోను. మా అమ్మమ్మగారి ఊరు అయినవోలు పక్కనే. సంక్రాంతికి మల్లన్న జాతరలో ఒగ్గు కథ వింటూ నిద్ర కాచిన పిల్లను నేను. డబ్బు ఎలా వచ్చేదో కళ్లారా చూశాను. మంచి పట్టులో కథ నడుస్తుంటే ఎవరో లేచి కట్నం చదివించేవారు. కథకుడు కథ ఆపి, ఇచ్చినవాళ్ల పేరు చెప్పి, దీవించి, మళ్లీ సరిగ్గా ఆ మాట దగ్గరే కథ అందుకునేవాడు. పక్కన వంతవాళ్లు ప్రతి మాటకూ మాట కలిపేవారు. ఎదురుగా చాప మీద ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవారు. ఎంత తెల్లవారినా ఆయన గొంతులో విసుగు ఉండేది కాదు. కథ చెప్పుకుని బతకడం మన దగ్గర తరతరాల వృత్తి, అందులో తప్పేమీ లేదు. మీకు వచ్చే డబ్బు చూసి మీరు సిగ్గుపడొద్దు.

సిగ్గుపడాల్సింది వేరే ఉంది. సీరియల్ మొదట్లో బీడీలు చుట్టే అక్క పాత్ర పెట్టారు. అది ఎవరి బతుకో మీకు తెలుసు, ఆమెకూ తెలుసు. చెవిలో వైరు పెట్టుకుని, పక్కన నలుగురిని కూర్చోబెట్టుకుని, "మా తమ్ముడు రాసిండు" అని వినిపించింది. తర్వాత యాప్ వాళ్లు గొడవ పెంచమంటే, 112వ ఎపిసోడ్‌లో ఆ అక్క చేత తమ్ముడి సంతకం దొంగగా పెట్టించి భూమి కాజేయించారు. వాడకట్టు మొత్తం విన్నది. ఆ రోజు ఆమె ఆ చాట ముందు ఎలా కూర్చుందో ఒక్కసారి ఊహించండి. మీరు రచయిత, ఊహించగలరు. "పాత్రను పాత్రగా చూడాలి కదా మేడమ్" అని ముందే జవాబు కూడా రాసిపెట్టారు. విమర్శకుల దగ్గర ఆ మాట చెల్లుతుంది. ముట్టుకుంటే గరుకు తగిలే వేళ్లతో మిమ్మల్ని ఇంతవాణ్ని చేసిన మనిషి దగ్గర చెల్లదు. నా మాట కటువుగా ఉంటే ఉండనీయండి. తోబుట్టువు పరువు కంటే కథ పెద్దదని నేను ఎన్నటికీ అనుకోను.

బతుకమ్మకు ఆమె రాలేదు సరే, మీరు పిలవడానికి వెళ్లారా? "ఐదు వేలు ఫోన్‌పే చేశాను" అని రాశారు. తల్లి లేని ఆడబిడ్డకు తల్లిగారిల్లు అంటే తమ్ముడే. సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టులో అందరి ఆడబిడ్డలూ పుట్టింటికి పోతుంటే, ఫోన్‌లో డబ్బు పడ్డ చప్పుడు విని ఆమె ఏ గడపకు పోవాలి? ఇక్కడ మీ ఆవిడ మాట ఒకటి ఎత్తారు, "ఆమెకు కథల గురించి ఏం తెలుసు" అన్నదని. దాన్ని వదిలేయండి. పిలవాల్సింది మీరు, ఆమె కాదు.

ఇక చేయాల్సింది. ఈ ఆదివారమే బయల్దేరండి. కరీంనగర్‌లో బస్సు మారితే మధ్యాహ్నానికి చేరతారు. చీర తీసుకెళ్లొద్దు ఈసారి, డబ్బు అసలే వద్దు. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను, ఈ ప్రయాణాన్ని కథ చేద్దామన్న ఆలోచనతో పోవద్దు. రాసేవాళ్లకు ఆ జబ్బు ఉంటుంది, ఏడుస్తూ కూడా గమనించుకుంటూ ఉంటారు. ఆ ఒక్కపూటకు దాన్ని మీ గడప లోపలే వదిలి వెళ్లండి.

వెళ్లి ఆమె పక్కన కూర్చోండి. ఆకు కత్తిరించడం మీకు చిన్నప్పుడు వచ్చు, కత్తెర అందుకోండి. ఆమె "వద్దు పో" అంటే ఊరికే కూర్చోండి. చెప్పాల్సింది సూటిగా చెప్పండి: "అక్కా, అది నీ బతుకే. నిన్ను అడగకుండా రాసిన. మల్ల పైసల కోసం దాన్ని చెడగొట్టిన. తప్పయింది." యాప్ వాళ్లు అన్నారని, టెన్షన్‌లో రాశానని, ఆ వాక్యానికి తోక తగిలించకండి. ఆమె తిడితే మంచిదే. ఏమీ అనకపోతే ఇంకో ఆదివారం వెళ్లండి.

సీరియల్ సంగతి. యాప్ వాళ్లతో మాట్లాడి ఆ అక్క పాత్రను ఎంత త్వరగా కుదిరితే అంత త్వరగా గౌరవంగా సాగనంపండి. సంతకం పెట్టింది ఆమె కాదని తేలేలా కథ తిప్పడం మీలాంటి వాళ్లకు రెండు రోజుల పని. వాళ్లు వినకపోతే, ఆ సీరియల్ పూర్తి చేసి ఇచ్చాక వేరే కథ మొదలుపెట్టండి. పనిగా రాసేది పనిగానే రాయండి, పొద్దున ఇన్ని గంటలని పెట్టుకుని.

ఇంకొకటి మాత్రం ఆ గంటల బయట రాయండి, నోటుబుక్కులో, చేత్తో. ఎవరికీ పంపొద్దు. పేజీ పైన ఎవరికి చదివి వినిపించడానికి రాస్తున్నారో ఆ పేరు రాసుకోండి. ఆమె మళ్లీ వింటానని తనంతట తాను అనేదాకా ఆమె బతుకు అందులోకి రానివ్వకండి. వేరేవి లేవా? మీరు చెప్పిన మెట్‌పల్లి ఖాదీ మగ్గాల మామయ్య ఉన్నాడు, దుబాయి పోయి వచ్చిన దోస్తు ఉన్నాడు. ఒకరోజు ఆమె "ఏం రాస్తున్నవ్ రా?" అని అడుగుతుంది. నెల పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు. అడిగినప్పుడు చదవండి, ముఖం వైపు కాకుండా చేతుల వైపు చూస్తూ.

పండుగ పిలుపు మాత్రం అప్పటిదాకా ఆగకూడదు. ఎంగిలిపూల బతుకమ్మకు ముందే మీరూ, మీ ఆవిడా ఇద్దరూ వెళ్లి, బావగారి ముందు బొట్టు పెట్టి పిలవండి. తీసుకురావడానికి మీరే మళ్లీ వెళ్లాలి, కారు మాట్లాడి పంపించొద్దు. వస్తానంటే ఆ సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గరికి బతుకమ్మ ఆటకు తీసుకెళ్లండి, ఆమె ఎప్పుడూ చూడలేదని మీరే రాశారు.