పక్షి వెంట పడకండి, నీటి మట్టం చూడండి

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. ఈమధ్యే 150-600 లెన్స్ కొన్నాను. కోయిల్‌సాగర్‌కు, జూరాలకు పోతున్నాను కానీ ఒడ్డున తిరిగే చిన్న పక్షులు నేను దగ్గరికి పోకముందే లేచిపోతున్నాయి. అరుదైన ఒడ్డు పక్షులను దగ్గర నుంచి ఎలా తీయాలి? మన వైపు ఎక్కడ, ఎప్పుడు కనిపిస్తాయి?

జవాబు:

నేను నల్లగొండ వాడిని. చాలా ఏళ్లుగా చలికాలం వస్తే నా ఆదివారాలు ఉదయసముద్రం, మూసీ ప్రాజెక్టు, నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్, కృష్ణ మీది సోమశిల ఒడ్డునే గడుస్తున్నాయి. మీ లెన్స్ సరిపోతుంది. ఇంకా పెద్దది కొనాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఈ పక్షుల దగ్గరికి మనం నడిచి పోలేం. అవి మేసుకుంటూ వచ్చే చోటికి మనమే ముందుగా చేరి పడుకోవాలి. ఆ చోటు ఎక్కడుందో నీటి మట్టమే చెబుతుంది.

ఎందుకో చెప్తాను. లిటిల్ స్టింట్ అనే చిన్న ఒడ్డు పక్షి బరువు మామూలుగా 30 గ్రాములు కూడా ఉండదు. ఆర్కిటిక్ టండ్రాలో పిల్లల్ని చేసి, ఆగస్టు చివరి నుంచి మన చెరువుల మీద దిగుతుంది. దాని కాళ్లు ఎంత పొట్టివంటే, నీళ్లు నాలుగు వేళ్ల లోతున్నా అక్కడ మేయలేదు. దానికి కావలసింది నిన్నటిదాకా నీళ్ల కింద ఉండి ఇవాళ తేలిన తడి బురద. పురుగులన్నీ అందులోనే ఉంటాయి. రెండు రోజులు ఎండ తగిలి పైపొర గట్టిపడితే ముక్కు దిగదు, పక్షి ముందుకు జరుగుతుంది. వుడ్ శాండ్‌పైపర్‌కు కొంచెం లోతు ఫరవాలేదు, గాడ్విట్‌కు ఇంకాస్త, బ్లాక్-వింగ్డ్ స్టిల్ట్ మోకాళ్లు దాటిన నీళ్లలోనూ తిరుగుతుంది. ఒకే ఒడ్డున ఏ పక్షి ఎక్కడ నిలబడుతుందో వాటి కాళ్ల పొడవు, ముక్కు పొడవు నిర్ణయిస్తాయి. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

కాబట్టి పోయిన ప్రతిసారీ నీటి అంచున ఒక పుల్ల గుచ్చి రండి. మళ్లీ పోయినప్పుడు నీళ్లు ఆ పుల్ల నుంచి ఎంత దూరం వెనక్కి పోయాయో చూడండి. ఎక్కువ దూరం పోయిందంటే అక్కడ నేల చదునుగా ఉన్నట్టు, రోజూ కొత్త బురద తేలుతున్నట్టు. రాళ్లు, నిటారైన గట్లు ఉన్నచోట మట్టం ఎంత పడిపోయినా పక్షికి దొరికేది ఒక సన్నని అంచు మాత్రమే. సాగర్ ఒడ్డు చాలా చోట్ల అట్లాగే ఉంటుంది. వాగులు వచ్చి కలిసే మూలలే అక్కడ నయం.

మన వైపు ఏడాది ఎట్లా నడుస్తుందో చూడండి. పైనుంచి వరద వచ్చి జూరాల, శ్రీశైలం, సాగర్ నిండే రోజులు, ఈ పక్షులు దిగే రోజులు దాదాపు ఒకటే. అప్పుడు పెద్ద జలాశయాల్లో బురదే ఉండదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంకా నిండని కుంటలు, చెరువు శిఖం భూములు (నీళ్లు తగ్గితే తేలే చెరువు లోపలి నేల) చూడాలి. డిసెంబరు చివర, జనవరిలో యాసంగి నాట్లకు కరిగెట చేసిన మడులకు మించిన చోటు లేదు. ట్రాక్టర్ వెనకే వుడ్ శాండ్‌పైపర్లు, రఫ్‌లు, స్టిల్ట్‌లు దిగుతాయి. ట్రాక్టర్‌కు అవి బెదరవు, గట్టు మీద నడిచే మనిషికి బెదురుతాయి. రైతును అడిగి గట్టు మూల ఒకచోట కూర్చుంటే చాలు. నాట్లు పడ్డాక ఆ మడుల్లోకి దిగవద్దు.

ఫిబ్రవరి నుంచి పెద్ద జలాశయాల వంతు. పూర్తి మట్టం శ్రీశైలంలో 885 అడుగులు, సాగర్‌లో 590, జూరాలలో 1,045. ఇప్పుడెంత ఉందో వార్తల్లో వస్తూనే ఉంటుంది, సినిమా టైమింగులు చూసినట్టు అది చూసుకుని బయల్దేరండి. సోమశిల వైపు పోయేవాళ్లకు ఇంకో గుర్తు ఉంది. కృష్ణకు అవతల సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడిందని వార్త వస్తే, ఇవతల కూడా మట్టి తిన్నెలు తేలుతున్నాయని లెక్క.

కోయిల్‌సాగర్ గురించి ఒక మాట. ఎత్తిపోతల నీళ్లు వచ్చాక పాలమూరులో చాలా చెరువులు ఎండాకాలంలోనూ నిండుగా కనిపిస్తున్నాయి. రైతుకు అంతకన్నా కావలసింది ఏముంది, నాకూ సంతోషమే. కానీ నిండిన చెరువు బాతులకు మంచిది, పొట్టి కాళ్ల పక్షికి అక్కడ నిలబడే చోటు దొరకదు. మీరు కట్ట మీద నుంచి చూస్తున్నట్టున్నారు. కట్టకు ఎదురు వైపు, నీళ్లు పలచగా పరుచుకునే శిఖం వైపు పోండి.

ఇక ఫొటో తీయడం. సూర్యుడు లేవకముందే చోటుకు చేరాలి, పొద్దు మీ వీపు వైపు ఉండాలి. బోర్లా పడుకోండి. యూరియా సంచి ఒకటి మోచేతుల కింద, ఇసుక నింపిన గుడ్డ సంచి ఒకటి లెన్స్ కింద పెట్టుకుంటే ట్రైపాడ్ అక్కర్లేదు. లెన్స్ పక్షి కంటి ఎత్తుకు వస్తే ముందూ వెనకా బురద మసకబారి పక్షి ఒక్కటే తేలుతుంది. నిలబడి తీస్తే 600 మిల్లీమీటర్లలో కూడా అది రాళ్లలో రాయిలాగే కలిసిపోతుంది. మీరు పడుకునేసరికి ఉన్నవన్నీ లేచిపోవచ్చు, కంగారు పడకండి. కదలకుండా ఉంటే చాలాసార్లు అరగంటలో తిరిగి వస్తాయి. స్టింట్‌లైతే మేస్తూ మేస్తూ ఒక్కోసారి లెన్స్ ఫోకస్ అవలేనంత దగ్గరికి వస్తాయి.

అన్నిటికన్నా ముందు తీతువును గమనించండి. అది అరిచిందంటే ఒడ్డంతా లేచిపోతుంది. అది ఎక్కడ నిలబడిందో దూరం నుంచే చూసుకుని, చుట్టూ తిరిగి పోవాలి. మేస్తున్న పక్షి తల ఎత్తి మెడ నిటారుగా పెట్టినా, తలను పైకీ కిందికీ ఊపినా మీరు దాని హద్దు దగ్గరికి వచ్చినట్టే. ఆగిపోండి. మళ్లీ తల దించి మేస్తేనే జరగండి.

సెట్టింగుల గురించి ఎక్కువ చెప్పను. షట్టర్ స్పీడు మేసే పక్షికి సెకనులో 1/1000, ఎగిరేదానికి 1/2500 ఉంచి ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. నల్ల బురద మీద టెర్న్ లాంటి తెల్ల పక్షి అయితే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, లేకపోతే ఈకల గీతలు తెల్లగా కాలిపోతాయి. ఫిబ్రవరి దాటితే ఉదయం తొమ్మిదికల్లా నేల నుంచి సెగ లేస్తుంది. ఆ గాలి అలల్లోంచి ఎంత ఖరీదైన లెన్స్ అయినా స్పష్టంగా తీయలేదు. అప్పుడు కెమెరా సంచిలో పెట్టి బైనాక్యులర్ తీయండి.

అరుదైనవి ఎట్లా దొరుకుతాయని అడిగారు. మామూలు వాటిని ఒక్కొక్కటిగా చూస్తే దొరుకుతాయి. స్టింట్‌ల గుంపులో ఒకదానికి కాళ్లు నల్లగా కాక పసుపుపచ్చగా ఉంటే అది టెమ్మింక్స్ స్టింట్. ఇంకోటి కాస్త పెద్దగా ఉండి, ముక్కు పొడుగ్గా కిందికి వంగి, ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా మెరిస్తే కర్ల్యూ శాండ్‌పైపర్ కావచ్చు. దాన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2024లో ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. వుడ్, గ్రీన్ శాండ్‌పైపర్ల తేడా రెక్కల కింద తెలుస్తుంది, గ్రీన్‌కు అక్కడ బాగా నలుపు. అందుకే ఎగిరే ఫొటో మసకగా వచ్చినా డిలీట్ చేయకండి. రాతి తిన్నెల మీద గ్రేట్ థిక్-నీ పగలంతా కదలకుండా కూర్చుంటుంది, దాని పెద్ద పసుపు కన్నే పట్టిస్తుంది. ఇట్లాంటివి ఎక్కడ దిగుతాయో పుట్టి వేసుకుని చేపలు పట్టే అన్నలకు మనకంటే బాగా తెలుసు. వాళ్లతో కూర్చుని మాట్లాడండి, తీసిన ఫొటోలు చూపించండి.

జూరాల దగ్గర, కృష్ణ ఒడ్డున మొసళ్లు ఉన్నాయి. నీటి అంచున బోర్లా పడుకునే పని కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోవద్దు. లోతు ఎక్కువున్న మడుగుల పక్కన పడుకోకండి, ముందు ఆ ఊరివాళ్లను అడగండి. ఆనకట్ట దిగువన నది మధ్య బండల మీదికి పోవద్దు, గేట్లు ఎత్తితే వెనక్కి వచ్చే వ్యవధి ఉండదు. కొత్త బురదలో కర్రతో గుచ్చి చూసి అడుగు వేయండి. సాగర్, శ్రీశైలం దగ్గర మన వైపు ఒడ్డు చాలావరకు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి వస్తుంది, అక్కడ అటవీ శాఖ అనుమతి తీసుకునే పోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఎండాకాలం గూళ్లది. నీళ్లు తగ్గి తిన్నెలు తేలగానే రివర్ టెర్న్‌లు, స్మాల్ ప్రాటిన్‌కోల్‌లు ఉత్త ఇసుక మీదే గుడ్లు పెడతాయి. రివర్ టెర్న్ కూడా ప్రమాదంలో ఉన్న జాతే. ఆ ఎండలో తల్లి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మన వల్ల అది పైకి లేచి అరుస్తున్నంతసేపూ గుడ్లు ఉత్త ఎండకు ఉడుకుతుంటాయి, కాకులు చూస్తుంటాయి. పుట్టి మాట్లాడుకుని తిన్నె మీద దిగి, గుడ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని తీసిన ఫొటోలు ఆన్‌లైన్‌లో చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. ఆ ఫొటోలకు లైకు కొట్టకండి. టెర్న్‌లు మీ తల మీదికి దూకినా, ప్లోవర్ రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోయినా, దగ్గర్లో గుడ్లున్నాయని అర్థం. గుడ్లు రాళ్ల రంగులోనే ఉంటాయి కాబట్టి వెతకడానికి తిరగకండి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోండి. డ్రోన్ ఎగరేయడం, ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవడం అసలే వద్దు.

టెర్న్‌ల ఫొటో కావాలంటే చాలా మంచి దారి ఉంది. అవి చేపల కోసం వచ్చే ఒడ్డున, తిన్నెకు దూరంగా, పొద్దున్నే కూర్చోండి. నోట్లో చేపతో తల మీదుగా పోతాయి, గూటి దగ్గర తీసినదానికన్నా ఆ ఫొటోలో ప్రాణం ఎక్కువ. మీరు చూసినవన్నీ పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో తేదీతో, సంఖ్యతో రాయండి. పాలమూరు ఒడ్డున తిరిగే మనుషులు తక్కువ, కాబట్టి మీరు రాసే ప్రతి లెక్కా పనికొస్తుంది. గూళ్లున్న తిన్నె ఎక్కడుందో మాత్రం ఫొటో కింద రాయకండి. ఎవరైనా మెసేజ్ పెట్టి అడిగినా, వానలు పడి నీళ్లు మళ్లీ ఆ తిన్నెను ముంచేదాకా చెప్పకండి.